ఎర్ర రంగు వేసిన చేతిపంపు – బంగ్లాదేశ్ నుంచి దాతలకు ఒక నీటి పాఠం

ప్రతి ఏడాదీ ఈ సంచిక చేతికి రాగానే మేము ముందుగా తిరగేసేది చివరి పేజీలే. దాతల పేర్లు, ఇచ్చిన మొత్తాలు, వాటితో జరిగిన పనులు అక్కడ ఉంటాయి. స్కూలు ఫీజులు, కుట్టు మిషన్లు, రంజాన్ సరుకులు, ఆసుపత్రి ఖర్చులు. వీటి మధ్య ఏటా తప్పకుండా కనిపించే మాట 'బోరు'. "మర్హూమ్ నాన్నగారి ఈసాలె సవాబ్ కోసం ఒక బోరు" అని ఉంటుంది. నీళ్ళ దానానికి మనలో ఉన్న గౌరవం అలాంటిది. మదీనాలో రూమా బావిని హజ్రత్ ఉస్మాన్ (రజి) కొని ప్రజలందరికీ వదిలేసిన సంగతి మన ఇళ్ళలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

ఈసారి పర్యావరణం మీద ఒక పాఠం రాయమని సంపాదకులు అడిగారు. మొక్కలు నాటడం గురించి, ప్లాస్టిక్ సంచులు మానడం గురించి మీరు చాలాసార్లు చదివే ఉంటారు. అందుకని మేము బోరు గురించే రాయదలిచాం. మంచి మనసుతో, పెద్ద సంస్థల సాయంతో, దేశమంతటా బోర్లు వేస్తే ఒకచోట ఏమైందో చెప్పదలిచాం. ఆ దేశం బంగ్లాదేశ్. మన దగ్గర కూడా అలాంటిది జరగగలదని మేము ఒక బడిలో కళ్ళారా చూశాం. అది చివర చెబుతాం, ఎందుకంటే అందులో మా తప్పు కూడా ఉంది.

చెరువు నుంచి గొట్టపు బావికి

గంగ, బ్రహ్మపుత్ర, మేఘన నదులు తెచ్చిపోసిన ఒండ్రు మట్టి మీద ఉన్న దేశం బంగ్లాదేశ్. ఎటు చూసినా నీళ్ళే. 1970ల దాకా పల్లె జనం చెరువుల నీళ్ళు, కాలువల నీళ్ళు, గిలక బావుల నీళ్ళు తాగేవారు. ఆ చెరువులోనే బట్టలు ఉతికేవారు, పశువులను కడిగేవారు. కలరా, విరేచనాలు ఏటా పసిపిల్లలను పొట్టన పెట్టుకునేవి. ఆ మరణాలను ఆపడానికి ప్రభుత్వమూ, యునిసెఫ్ సంస్థా కలిసి గొట్టపు బావుల పథకం మొదలుపెట్టాయి. అక్కడి నేల మెత్తని ఒండ్రు కావడంతో యంత్రం అవసరం లేదు. నలుగురు మనుషులు ఒక రోజులో గొట్టం దించి, పైన చేతిపంపు బిగించగలరు. క్రిములు లేని చల్లని నీళ్ళు ఇంటి వాకిట్లోకే వచ్చాయి.

జనానికి అది ఎంత నచ్చిందంటే ప్రభుత్వం వేసిన వాటి కంటే కుటుంబాలు సొంత ఖర్చుతో వేసుకున్నవే ఎక్కువయ్యాయి. 1990ల నాటికి పల్లె జనంలో 90 శాతానికి పైగా గొట్టపు బావి నీళ్ళే తాగుతున్నారు. ప్రపంచంలోని పేద దేశాలన్నిటికీ ఆదర్శంగా దీన్ని చూపించేవారు. ఆ గొప్పలో అబద్ధం లేదు, విరేచనాలతో పోయే పసిప్రాణాలు నిజంగానే నిలిచాయి.

అయితే ఆ నీళ్ళలో ఆర్సెనిక్ ఉందా అని ఎవరూ చూడలేదు. మన పెద్దలు పాషాణం అనే విషంలో ఉండే పదార్థమే ఆర్సెనిక్. అప్పట్లో నీటి పరీక్ష అంటే క్రిములు, ఉప్పదనం, ఇనుము చూడడం వరకే. 1992లో బ్రిటిష్ జియాలజికల్ సర్వే ఆ దేశంలో కొన్ని ప్రాంతాల భూగర్భ జలాన్ని పరీక్షించింది. చాలా మూలకాలు చూసింది, ఆర్సెనిక్ చూడలేదు. తర్వాత రోగాల పాలైన బంగ్లాదేశీయులు బ్రిటన్ కోర్టులకు వెళ్ళారు. 2006లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం, అంటే హౌస్ ఆఫ్ లార్డ్స్, ఆ సంస్థకు చట్టం ప్రకారం ఆ జనం పట్ల బాధ్యత లేదని తేల్చింది. చట్టం మాట అది. దానం చేసేవారు చట్టం దగ్గరే ఆగిపోవచ్చా అన్నది దాతలే ఆలోచించుకోవాలి.

విషం ఎక్కడి నుంచి వచ్చింది?

తరగతిలో ఇది చెప్పినప్పుడు పిల్లలు ముందుగా అడిగే ప్రశ్న, "ఏ ఫ్యాక్టరీ వాళ్ళు కలిపారు సార్?" అని. ఏ ఫ్యాక్టరీ కాదు. హిమాలయాల రాళ్ళు అరిగి, నదులతో కొట్టుకొచ్చిన మట్టి రేణువుల మీద ఇనుప తుప్పు పొర ఉంటుంది. ఆ తుప్పుకు ఆర్సెనిక్ అంటుకుని ఉంటుంది. గాలి తగిలినంత కాలం అది అంటుకునే ఉంటుంది. ఆ మట్టి భూమిలో లోపలికి కూరుకుపోయి, కుళ్ళిన ఆకులూ అలములతో కలిసి, గాలి అందని చోట ఉంటే సూక్ష్మజీవులు ఆ తుప్పును కరిగిస్తాయి. దానితోపాటు ఆర్సెనిక్ నీటిలోకి దిగుతుంది. గొట్టపు బావులు నీళ్ళు తోడింది సరిగ్గా ఆ పొరల నుంచే. చెరువు నీటికి గాలి తగులుతుంది, అందువల్ల క్రిములు ఉన్నా పాషాణం లేదు. గొట్టపు బావి నీటిలో క్రిములు లేవు, పాషాణం ఉంది.

ఎంత ఉంటే ప్రమాదం? లీటరుకు 10 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. బంగ్లాదేశ్ ప్రభుత్వం పెట్టుకున్న పరిమితి 50. ఈ లెక్క పిల్లలకు అర్థం కాదు, పెద్దలకూ కాదు. ఇలా చూడండి. పది లక్షల లీటర్ల నీళ్ళు పట్టే పెద్ద ట్యాంకులో 50 గ్రాముల ఆర్సెనిక్ కలిస్తే ఆ పరిమితికి వచ్చినట్టే. పిడికెడు కూడా కాదు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. మరిగిస్తే పోతుందనుకుంటారు. పోదు సరికదా, నీరు ఆవిరయ్యే కొద్దీ చిక్కబడుతుంది.

శరీరం వెంటనే ఏమీ చెప్పదు. ఏళ్ళ తరబడి తాగాక ఛాతీ మీద, వీపు మీద నల్లమచ్చలు పడతాయి. అరచేతులు, అరికాళ్ళు గరుకెక్కి పులిపిర్ల వంటివి లేస్తాయి. ఆ తర్వాత చర్మం, మూత్రాశయం, ఊపిరితిత్తుల క్యాన్సర్ల దాకా వెళుతుంది. 1983లో కలకత్తాలో చర్మవ్యాధుల వైద్యుడు కె.సి. సాహా పశ్చిమ బెంగాల్ పల్లెల నుంచి వచ్చిన రోగుల్లో దీన్ని గుర్తించారు. సరిహద్దు అవతల, చపై నవాబ్‌గంజ్ జిల్లాలో, 1993లో బావుల నీటిలో ఆర్సెనిక్ ఉందని తేలింది. జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయానికి చెందిన దీపాంకర్ చక్రవర్తి బృందం ఊరూరా నమూనాలు సేకరించి లోకానికి చెప్పింది. 2000 సంవత్సరంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ పత్రికలో అలన్ స్మిత్, ఆయన సహచరులు లెక్కగట్టిన ప్రకారం 12.5 కోట్ల జనాభాలో మూడున్నర కోట్ల నుంచి 7.7 కోట్ల మందికి ప్రమాదం ఉంది. ఒక జనసమూహానికి నీటి ద్వారా జరిగిన విషప్రయోగాల్లో చరిత్రలో ఇదే అతి పెద్దదని వారు రాశారు.

రోగం కంటే బాధ పెట్టింది చుట్టుపక్కల వాళ్ళ చూపు. మచ్చలు చూసి అంటువ్యాధి అనుకున్నారు. మచ్చలున్న ఆడపిల్లలకు సంబంధాలు రాలేదు, కొందరిని భర్తలు పుట్టింటికి పంపేశారు. అదే పంపు నీళ్ళు తాగినవారే అలా చేశారు.

ఎరుపు, ఆకుపచ్చ

పరిష్కారాల కథ అంత సూటిగా లేదు. ముందు ఏ బావి మంచిదో తెలియాలి. 2000 తర్వాత కొన్నేళ్ళలో దాదాపు 50 లక్షల గొట్టపు బావులను పరీక్షించారు. పరీక్ష తరగతి గదిలో చేయదగినంత సులువు. నీటి నమూనాలో ఆమ్లమూ, జింకు పొడీ వేస్తే వాయువు పుడుతుంది. సీసా మూతి దగ్గర పెట్టిన కాగితం ఆ వాయువు తగిలి పసుపు నుంచి గోధుమ రంగుకు మారుతుంది. రంగు ఎంత ముదిరితే విషం అంత ఎక్కువ. పరిమితి దాటితే పంపు మూతికి ఎర్ర రంగు, దాటకపోతే ఆకుపచ్చ. సుమారు 14 లక్షల పంపులు ఎరుపెక్కాయి.

ఇక్కడ ఒక విచిత్రం బయటపడింది. ఒక వాకిట్లో పంపు ఎరుపు, నలభై అడుగుల దూరంలో పొరుగువారి పంపు ఆకుపచ్చ. ఒండ్రు పొరలు అడుగడుగుకీ మారతాయి మరి. ఢాకాకు తూర్పున ఉన్న అరైహజార్ అనే చోట 2000 నుంచి కొలంబియా విశ్వవిద్యాలయం వారు, స్థానికులు కలిసి చేసిన అధ్యయనంలో ఏం తేలిందంటే, ఎర్ర పంపు ఉన్న కుటుంబాల్లో సగానికి పైగా తమ బావి సంగతి తెలిశాక వేరే బావికి మారాయి. కొత్త యంత్రం లేదు, కొత్త బోరు లేదు. నిజం చెప్పారు, పొరుగువారు బిందె పట్టుకోనిచ్చారు, అంతే. ఈ మొత్తం వ్యవహారంలో అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ మందిని కాపాడింది ఆ రంగు డబ్బాయే అని మా అభిప్రాయం.

రెండో దారి లోతు. 150 మీటర్లకు కింద ఉన్న పాత పొరల నీరు చాలావరకు శుభ్రంగా ఉంటుంది. అందుకని లోతైన బావులు వేసి, ఒక్కోదాన్ని పలు కుటుంబాలకు ఉమ్మడిగా ఇవ్వడం మొదలైంది. ఆ నీటిని వరిపొలాలకు మోటార్లతో తోడకుండా తాగడానికే ఉంచాలని శాస్త్రవేత్తలు హెచ్చరిస్తూనే ఉన్నారు. ఎక్కువగా తోడితే పై పొరల విషం కిందికి దిగుతుంది.

మూడోది ఫిల్టరు. కుష్టియా జిల్లాకు చెందిన అబుల్ హుస్సామ్ అనే రసాయన శాస్త్రవేత్త అమెరికాలో ప్రొఫెసర్‌గా పనిచేస్తూ, ఇసుక, బొగ్గు, ఇటుక ముక్కలు, ప్రత్యేకంగా తయారుచేసిన ఇనుప రజనుతో బకెట్లలో అమర్చే 'సోనో' ఫిల్టరును రూపొందించారు. కరెంటు అక్కర్లేదు. దానికి 2007లో పది లక్షల డాలర్ల గ్రెయింజర్ బహుమతి వచ్చింది. ఆ సొమ్ములో ఎక్కువ భాగం ఫిల్టర్లు పంచడానికే ఆయన వినియోగించారు. వాన నీరు పట్టుకోవడం, చెరువు నీటిని ఇసుక గుండా వడకట్టడం కూడా ఉన్నాయి. కానీ వడపోత చూసుకునే మనిషి లేకపోతే విరేచనాలు మళ్ళీ మొదలవుతాయి. అలా శ్రద్ధ లేక మూలపడినవి చాలా.

ఇన్ని ఉన్నా పని పూర్తి కాలేదు. 2016లో హ్యూమన్ రైట్స్ వాచ్ ప్రకటించిన నివేదిక ప్రకారం ఇంకా దాదాపు 2 కోట్ల మంది పరిమితి దాటిన నీరే తాగుతున్నారు. ప్రభుత్వం వేసిన లోతు బావుల్లో చాలా వాటిని విషం ఎక్కువ ఉన్న చోట కాకుండా, నాయకులకు కావలసినవారి ఇళ్ళ దగ్గర వేశారని ఆ నివేదిక చెప్పింది. ఎర్ర రంగు వానలకు వెలిసిపోయింది. కొత్త కుటుంబాలు కొత్త బావులు వేసుకున్నాయి, పరీక్ష లేకుండానే. సర్వే ఒకసారి చేసి ఆపేసిన పని. నీళ్ళు తాగడం రోజూ జరిగే పని.

మన నేల కింద

మన తెలుగు నేలకు ఈ బాధ వేరే పేరుతో తెలుసు. దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల వ్యాధిని 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో మొదట గుర్తించారు. ఆ తర్వాత నల్గొండ పేరు దానితో ముడిపడింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తేర్చే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో రూపొందిస్తే దానికి 'నల్గొండ పద్ధతి' అనే పేరే స్థిరపడింది. ఆ జిల్లా వాళ్ళం దానికి గర్వపడాలో బాధపడాలో ఇప్పటికీ తెలియదు.

దాతలు ముఖ్యంగా గమనించాల్సినది ఒకటుంది. బంగ్లాదేశ్‌లో లోతుకు వెళితే మంచి నీరు దొరికింది. మన నల్లరాతి నేలలో చాలాచోట్ల దీనికి తలకిందులు. మన ఫ్లోరైడ్ రాతి నుంచే వస్తుంది. నీరు రాతి పగుళ్ళలో ఎంత ఎక్కువ కాలం నిలిస్తే అంత కరిగించుకుంటుంది. పాత గిలక బావి నీటి కంటే అదే ఊళ్ళో ఐదారు వందల అడుగుల బోరు నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉండడం మామూలే. "నీళ్ళు పడలేదు, ఇంకో వంద అడుగులు దించండి, డబ్బుకు చూసుకోకండి" అని ఫోనులో చెప్పే దాత ఉదారంగా చెబుతున్నది ఏమిటో ఆయనకు తెలియకపోవచ్చు. ఒక దేశపు పరిష్కారం ఇంకో చోట సమస్య అవుతుంది. అందుకే మన నీరు మనమే పరీక్షించాలి.

ఆర్వో ప్లాంట్లు పెట్టిస్తున్న దాతలకు కూడా ఒక మాట. అవి ఫ్లోరైడ్ తీసేస్తాయి, నిజమే. కానీ లోపలికి పోసిన నీటిలో చాలా భాగం మరింత చిక్కని ఫ్లోరైడ్‌తో బయటికి పోతుంది. ఆ నీటిని ప్లాంటు వెనక గుంతలోకి వదిలితే మళ్ళీ అదే నేలలోకి ఇంకుతుంది. ప్లాంటు ఫొటోలో ఆ గుంత కనిపించదు.

మా బడిలో జరిగింది

పదిహేనేళ్ళ కిందటి మాట. ఉమ్మడి నల్గొండ జిల్లాలో మేము పనిచేసిన ఒక ప్రాథమిక పాఠశాలకు గల్ఫ్‌లో ఉండే ఒక సోదరుడు తన అబ్బా పేరిట బోరు వేయించారు. పంపు పక్కన పాలరాతి మీద ఆ పెద్దాయన పేరు చెక్కించారు. ప్రారంభం రోజు మిఠాయిలు పంచాం. అంతకుముందు పిల్లలు ఇళ్ళ నుంచి సీసాలు మోసుకొచ్చేవారు, కాబట్టి మా ఆనందానికి హద్దు లేదు.

మూడేళ్ళ తర్వాత సైన్స్ పాఠంలో భాగంగా పిల్లలతో కలిసి ఊళ్ళోని నీళ్ళ నమూనాలు సేకరించి గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలకు పంపాం. ఫ్లోరైడ్‌కు మన దేశంలో అనుమతించిన గరిష్ఠ పరిమితి లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. బడి బోరులో దానికి రెట్టింపు పైనే వచ్చింది. అప్పుడు గానీ ఒకటో తరగతి నుంచి అక్కడే చదువుతున్న పిల్లల ముందు పళ్ళ మీద గీతలు మా కళ్ళకు ఆనలేదు. ఎనిమిదేళ్ళ లోపు పడ్డ ఆ మరకలు తోముకుంటే పోవు.

ఆ కాగితం మా బీరువాలో ఏడు నెలలు ఉంది. దాత మనసు నొచ్చుకుంటుందేమో, ఇక ముందు ఇవ్వరేమో, కమిటీ పెద్దలు మమ్మల్ని తప్పు పడతారేమో అనుకున్నాం. పిల్లలను ఇళ్ళ నుంచి నీళ్ళు తెచ్చుకోమని మాత్రం చెప్పాం, ఎందుకో చెప్పలేదు. చెప్పకపోతే ఎవరు తెచ్చుకుంటారు? సగం మంది ఆ పంపు దగ్గరే తాగారు. బంగ్లాదేశ్ పంపుల గురించి చదివింది ఆ రోజుల్లోనే. విషం ఉందని తెలియక తాగించిన వారి కథ అది. మాది తెలిసి తాగనిచ్చిన కథ.

దాత సెలవు మీద వచ్చినప్పుడు కాగితం చూపించాం. చాలాసేపు చూశారు. "మాస్టారూ, మా అబ్బా పేరు మీద ఇన్నాళ్ళూ ఇదా తాగించాం?" అన్నారు. ఆ తర్వాత అడిగింది ఒక్కటే, "ఇప్పుడేం చేద్దాం?"

లెక్క వేసి చూపించాం. బడి పైకప్పు వంద చదరపు మీటర్లు. ఆ జిల్లాలో ఏటా సుమారు 700 మిల్లీమీటర్ల వాన. అంటే కప్పు మీద పడేది 70 వేల లీటర్లు. ఆవిరయ్యేది, మొదటి వానల్లో కప్పు కడిగి వదిలేసేది పోను 80 శాతం పట్టుకున్నా 56 వేలు. 120 మంది పిల్లలు, రోజుకు రెండేసి లీటర్లు, 220 పనిదినాలు – అవసరం 52,800. వాన జూన్ నుంచి అక్టోబరు దాకా పడుతుంది కాబట్టి తర్వాతి 120 పనిదినాలకు దాదాపు 29 వేల లీటర్లు నిల్వ ఉండాలి. 30 వేల లీటర్ల మూత ఉన్న ట్యాంకు, ముందు ఒక ఇసుక వడపోత గది కట్టించారు. వానలు తప్పిన ఏడు సరిపోలేదు, ట్యాంకర్ తెప్పించాల్సి వచ్చింది. బోరు నీళ్ళు మరుగుదొడ్లకూ తోటకూ మళ్ళించాం.

ఇప్పుడు మన సంస్థ తరఫున బోరు వేయించదలిచిన దాతలకు మా విన్నపం. ఖర్చులో కొంత ముందే పక్కన పెట్టండి. నీరు పడగానే ఐదు నిమిషాలు తోడి పారబోసి, అదే నీటితో మూడుసార్లు కడిగిన సీసాలో నమూనా పట్టి, ఊరి పేరు, లోతు, తేదీ రాసి జిల్లా ప్రయోగశాలకు పంపించండి. ఫలితం వచ్చే దాకా రిబ్బన్ కత్తిరించవద్దు. తర్వాత ఏటా వానలకు ముందోసారి, వెనకోసారి మళ్ళీ చూపించండి, ఎందుకంటే ఎండాకాలం మట్టం దిగినప్పుడు నీటి గుణం మారుతుంది. ఫలితాన్ని బీరువాలో పెట్టవద్దు, పంపు మీద రాయించండి. మక్కా దారిలో జుబైదా బేగం కట్టించిన నీటి కాలువ శతాబ్దాలు నడిచిందంటే తర్వాతి పాలకులు ఎన్నోసార్లు దానికి మరమ్మతులు చేయించారు కాబట్టే. మన బోర్లకు వాషర్ మార్చే డబ్బు కూడా ఎవరి పద్దులోనూ ఉండదు.

పాలరాయి ఆ బడిలో ఇంకా ఉంది. తీసేయమంటారా అని అడిగితే ఆ సోదరుడు వద్దన్నారు. బజారుకు వెళ్ళి ఎర్ర రంగు డబ్బా తెచ్చి, వాళ్ళ అబ్బా పేరు కింద తనే కూర్చుని రాశారు – 'ఈ నీరు తాగరాదు'. అక్షరాలు కాస్త వంకరగా వచ్చాయి. ఏటా జూన్‌లో బడి తెరిచే ముందు ఐదో తరగతి పిల్లలు వాటి మీద మళ్ళీ రంగు వేస్తారు.